మహమ్మారియు ఆసియా వర్తకమును



కోవిడ్ మహమ్మారి ఆసియా దేశముల ఆర్థిక సంబంధములను ఏమి చేసినదో ఈ ప్రసంగములో చెప్పదలచితిని. ఇది ఢిల్లీలోను సింగపూరులోను అర్థశాస్త్రజ్ఞులు చర్చించుకొనవలసిన సంగతి యనియు, గౌతమీ వైనతేయముల నడుమ కొబ్బరితోటలలో బ్రదుకు మనకు దానితో పనిలేదనియు కొందరికి తోచవచ్చును. నేను ఐనవిల్లి వాడను. రొయ్యల చెరువు సాగుచేయు రైతు, కాకినాడకు బియ్యము తోలు వర్తకుడు, కువైటునకు కూతురును పంపిన తల్లి, ఈ మువ్వురును మన కోనసీమలో అరుదైనవారు కారు. 2020వ సంవత్సరమున ఈ మూడిండ్లకు వచ్చిన కష్టసుఖములను వరుసగా చూచినచో, ఆసియా ఖండమంతటి కథయు బోధపడునని నా నమ్మకము.

ముందుగా ఆర్థిక సమైక్యత యను మాటకు అర్థము చెప్పెదను. ముక్తేశ్వరము కోటిపల్లి రేవును మీరందరు ఎరుగుదురు. ఈ గట్టున పడవ యెక్కునపుడొక రుసుము, ఆ గట్టున దిగునపుడొక రుసుము, నడుమ బస్తా విప్పి తనిఖీ, ఇన్ని పెట్టినచో ఆ రేవున దాటువాడుండడు. రెండు గట్టులవారును కూడి ఒక్క కేవు నిర్ణయించి, కొలత లొక్కటిగా పెట్టుకొని, పడవ వేళలు ముందుగా చాటించినచో, ఇచటి కొబ్బరికాయ అటు పోవును, అచటి సరకు ఇటు వచ్చును, కూలివానికి రెండు గట్టులను పని దొరకును. దేశములును ఇట్లే సుంకములు తగ్గించుకొని, సరకుల నాణ్యతకు ఒకే నియమము పెట్టుకొని, ఒకరి కొరతను ఒకరు తీర్చుకొనునట్లు చేసికొను కట్టుబాటునకే ఆర్థిక సమైక్యత యని పేరు.

ఆసియాలో ఇట్టి కట్టుబాట్లు పెక్కు కలవు. 1967లో ఆగ్నేయాసియా దేశములు ఐదు కూడి ఆసియాన్ సంఘమును స్థాపించినవి. 2020 నాటికి అందులో పది దేశములుండెను. 1985లో మన దేశమును, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్తాన్ దేశములును కలిసి సార్క్ సంఘమును ఏర్పరచుకొనినవి. మనకును ఆసియాన్ దేశములకును నడుమ సరకుల ఒప్పందము 2010 జనవరి 1న అమలులోనికి వచ్చినది. పడమట నున్న అరబ్బు దేశములతో మన సంబంధము వేరు తీరుది. అచ్చటి నుండి చమురు వచ్చును. ఇచ్చటి నుండి మనుష్యులు పోవుదురు. దేశములను కట్టు త్రాళ్ళు ఈ రెండే: ఒకటి సరకు, రెండవది మనిషి. మహమ్మారి ఈ రెండు త్రాళ్ళను ఒకే తీరున తెంపలేదు. నేను చెప్పదలచిన దానికెల్ల ఇదియే కీలకము.

ఈ త్రాళ్ళు మనకు క్రొత్తవి కావు. గౌతమి సముద్రమున కలియు చోటికి చేరువనున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. అచ్చటి నుండియు, పిమ్మట కాకినాడ నుండియు మన జనము బర్మాకు పోయి రంగూను రేవులో మూటలు మోసిరి, ధాన్యపు మిల్లులలో పనిచేసిరి. ఆ రేవు పేరునుబట్టియే బర్మావారు తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. కూలి అటు పోవుచుండెను, బియ్యము ఇటు వచ్చుచుండెను. 1942లో జపాను సేనలు రంగూనును పట్టుకొనగానే రెండును ఒక్కసారిగా తెగినవి. మనవారు లక్షల సంఖ్యలో కొండలు, అడవులు కాలినడకన దాటి వచ్చిరి. వేలకొలది త్రోవలోనే ప్రాణములు విడిచిరి. బర్మా బియ్యము రాకపోవుట 1943 నాటి వంగదేశపు కరవునకు ఒక కారణమయ్యెను. యుద్ధము ముగిసిన పిదప బియ్యపు వర్తకము మరల సాగినది. రంగూనులోని తెలుగు పేటలు మాత్రము మునుపటి స్థితికి రాలేదు. సరకు త్రాడు తెగినను ముడివేసికొనవచ్చును; మనిషి త్రాడు తెగినచో ముడి కుదురుట కష్టమని ఆనాడే తేలినది.

ఇక మన కాలమునకు వత్తము. 2020 జనవరి 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ విషయమున అత్యవసర పరిస్థితిని ప్రకటించినది. మార్చి 11న దానిని మహమ్మారి యని పేర్కొనినది. మార్చి 23 నుండి మన దేశమునకు ప్రయాణికుల విదేశీ విమానములు నిలిచిపోయినవి. మార్చి 25న దేశమంతటను లాక్‌డౌను మొదలైనది. సరకు మోయు విమానములకును ఓడలకును ఆ విదేశీ విమానముల నిషేధము వర్తింపలేదు. ఈ తేడాను గుర్తుంచుకొనుడు.

మొదటి యిల్లు రొయ్యల రైతుది. 2009లో మన దేశమున వనామీ రొయ్యకు అనుమతి వచ్చిన తరువాత, గోదావరి కృష్ణా తీరములలో దాని సాగు విస్తరించి, ఆంధ్రప్రదేశ్ ఈ పంటలో దేశమునకే మొదటి స్థానమున నిలిచినది. ఈ రొయ్య మన చెరువులో పెరుగును గాని, దాని తల్లి విమానములో వచ్చును. అమెరికా మున్నగు చోట్ల నుండి తెచ్చిన తల్లిరొయ్యలు చెన్నైలోని క్వారంటైను కేంద్రములో నుండి, వ్యాధి లేదని తేలిన పిమ్మటనే హేచరీలకు చేరును. పెరిగిన రొయ్యను తలతీసి, శుభ్రపరచి, గడ్డకట్టించుటకు శీతల కర్మాగారములలో వందలకొలది స్త్రీలు ఒకరి ప్రక్క నొకరు నిలిచి పనిచేయవలెను. అటు తరువాత అది ఓడనెక్కి అమెరికాకును, చైనాకును పోవును. ఈ గొలుసులో ఏ లంకె ఊడినను చెరువుగట్టున నున్న రైతు నష్టపడును.

2020 మార్చిలో లంకెలన్నియు ఒక్కమారే కదలినవి. తల్లిరొయ్యలు వచ్చు విమానములు అరుదైనవి, కర్మాగారములలో పనివారు తగ్గిరి, కొనువారు వెనుకాడిరి. రొయ్య చెరువులో ఎక్కువ దినములు నిలువ ఉండునది కాదు. మేత ఖర్చు పెరుగుచుండగా భయపడి రైతులు ముందుగానే పట్టుబడి పట్టిరి, ధర పడిపోయినది, రాష్ట్ర ప్రభుత్వము కౌంటువారీగా ధరలు ప్రకటింపవలసి వచ్చినది. ఆ యేటి చివర, శీతలీకరించిన సరకుల పెట్టెలపై వైరసు జాడ కనబడినదని చైనా కొన్ని సంస్థల దిగుమతిని కొంతకాలము నిలుపుచు వచ్చినది. దేశమంతటి లెక్క చూడుడు. 2019-20లో మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సుమారు 12.9 లక్షల టన్నులు, విలువ 46,662 కోట్ల రూపాయలు. 2020-21లో అది 11.5 లక్షల టన్నులకును, 43,717 కోట్లకును తగ్గినది. 2021-22లో 13.7 లక్షల టన్నులకును, 57,586 కోట్లకును పెరిగినది. అనగా పడిన సరకు ఒక్క యేడులో లేచి, మునుపటికంటె ముందునకు నడచినది. ఆ మార్చిలో అప్పుపై చెరువు వేసి తక్కువ ధరకు అమ్ముకొనిన చిన్న రైతు అంత త్వరగా లేచినాడని ఈ లెక్క చెప్పదు. సరకు మాత్రము లేచినది.

రెండవ యిల్లు బియ్యపు వర్తకునిది. మహమ్మారి రాగానే ఆసియాలో పలు ప్రభుత్వములు తమ గాదెలకు తాళము వేసికొనజూచినవి. వియత్నాము మార్చి చివర క్రొత్త ఎగుమతులను ఆపి, ఏప్రిల్‌లో పరిమితితో అనుమతించి, మే నెలలో పూర్తిగా తెరచినది. కాంబోడియా ఏప్రిల్ 5 నుండి తెల్లబియ్యమును, వడ్లను పంపుట మానుకొని మే నెలలో ఆ నిషేధమును తొలగించినది. కట్టుబాట్లు ఎన్ని యున్నను, ఆకలి భయము ముందు అవి ఎంత పలుచనివో ఆ రెండు మాసములలో కనబడినది.

కాని పిమ్మట జరిగినది ఆశ్చర్యకరము. ఇతర దేశముల ధరలు పెరుగగా మన బియ్యము చౌకగా కనబడెను. 2019-20లో సుమారు 95 లక్షల టన్నులుగా నున్న మన బియ్యపు ఎగుమతి 2020-21లో సుమారు 177 లక్షల టన్నులైనది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది వీరమరణము పొందిరి. ఆ డిసెంబరులోనే, దశాబ్దములుగా మన బియ్యము అంతగా కొనని చైనా, మన నూకలు కొనుటకు బేరము కుదుర్చుకొనినది. 2021 జనవరిలో, తానే బియ్యము అమ్ము దేశమైన వియత్నాము కూడ దశాబ్దముల తరువాత మన బియ్యము కొనినది. గౌతమి కవతల కాకినాడలో ఓడలు నడిసముద్రమున లంగరు వేసికొని, బార్జీల మీద వచ్చు బస్తాలకై వారములకొలది వేచియుండెను. ఆ రద్దీకి తాళలేక 2021 ఫిబ్రవరిలో అచ్చటి లోతునీటి రేవు నుండి కూడ బియ్యము ఎగుమతి చేయుటకు రాష్ట్ర ప్రభుత్వము అనుమతించినది. మహమ్మారి నడుమ, సరిహద్దు వైరము నడుమ, బియ్యపు త్రాడు తెగకపోగా మరింత బిగిసినది.

మూడవ యిల్లు కువైటునకు కూతురును పంపిన తల్లిది. గోదావరి జిల్లాల నుండి, ముఖ్యముగా మన కోనసీమ నుండి, చాలకాలముగా స్త్రీలు కువైటు, దుబాయి, మస్కటు, ఖతారులకు ఇంటిపనికి పోవుచున్నారు. వారు పంపిన సొమ్ముతో ఇచ్చట పూరియిల్లు డాబా అయినది, బిడ్డ కళాశాలకు పోయినది, పెండ్లి అప్పు తీరినది. ఈ త్రాడు ఏ ఒప్పందపు కాగితము మీదను పెద్ద అక్షరములతో లేదు; అది ఆ స్త్రీల నడుము బలము మీదనే నిలిచియున్నది.

2020 ఏప్రిల్‌లో కువైటు ప్రభుత్వము, సరియైన పత్రములు లేనివారు జరిమానా లేకుండ స్వదేశమునకు పోవచ్చునని క్షమాభిక్ష ప్రకటించినది. పోవుటకు అనుమతి వచ్చినది. వచ్చుటకు త్రోవ లేదు. మన విమానాశ్రయములు మూసియుండుటచే వేలమంది భారతీయులు అచ్చటి వసతి కేంద్రములలో వేచియుండిరి. మే 7న వందే భారత్ పేరిట మన ప్రభుత్వము విమానములు నడుప నారంభించిన పిదప గాని వారు ఇండ్లకు చేరుటకు వీలుపడలేదు. క్రమమైన విదేశీ విమానములు తిరిగి సాగినది 2022 మార్చి 27న. రొయ్యకు, బియ్యమునకు దొరకిన త్రోవ మనిషికి పూర్తిగా దొరకుటకు రెండేండ్లు పట్టినది.

నేనెరిగిన ఒక కుటుంబమున కూతురు కువైటులో ఒక యింట పనిచేయుచుండెను. ఆ యింటివారు నాలుగు మాసములు జీతము నిలిపిరి. అడుగుదమన్న వీధిలోనికి పోరాదు. ఆ వేసవిలో ఇచ్చట ఆమె తండ్రి కాలము చేసెను. ఆమె చేసినదెల్ల ఫోనులో చితిని చూచుటయే. తిరిగి వచ్చిన పిమ్మట ఆమె చేతిలో పనిపత్రము లేదు, రసీదు లేదు, జీతబాకీ ఇంత యని చూపుటకు ఒక్క కాగితము లేదు. రొయ్య దేశము దాటవలెనన్న దానికి పరీక్షాపత్రము, క్వారంటైను కేంద్రము, ఇన్వాయిసు ఉన్నవి. ఆ ఇల్లాలికి ఇవి యేవియు లేకపోయెను.

ఇచ్చట మరొక సంగతి చెప్పవలెను. విదేశముల నుండి మనవారు పంపు సొమ్ము 2020లో నూటికి 23 వంతులు తగ్గి 6,400 కోట్ల డాలర్లకు పడిపోవునని ప్రపంచ బ్యాంకు ఆ యేప్రిల్‌లో అంచనా వేసినది. అట్లు జరుగలేదు. 2019లో 8,330 కోట్ల డాలర్లు రాగా, 2020లో 8,310 కోట్ల డాలర్లు వచ్చినది. ఇంటివారు ఆపదలో నున్నారని తెలిసి మనవారు దాచుకొనిన దంతయు పంపిరి. చేతిసంచిలో తెచ్చు సొమ్మును బ్యాంకు ద్వారా పంపవలసి వచ్చుటచే అది లెక్కకెక్కినది. అయితే ఈ మొత్తములో గల్ఫు దేశముల పాలు, 2016-17లో సగమునకు మించియున్నది, 2020-21 నాటికి నూటికి 30 వంతులకు దిగినదని రిజర్వు బ్యాంకు పరిశీలనలో తేలినది. అమెరికా మున్నగు దేశములలో నున్న చదువరుల సొమ్ము పెరిగినది. ఎడారిలోని కూలి సొమ్ము తరిగినది. దేశపు మొత్తమును మాత్రమే చూచిన వానికి కోనసీమ యింటి కన్నీరు కనబడదు.

ఔషధముల విషయమునను ఈ పాఠమే కలదు. 2020 మార్చి 15న సార్క్ దేశముల నాయకులు దూరదర్శన సమావేశము జరుపుకొనగా, మన ప్రధాని అత్యవసర నిధికి కోటి డాలర్లు ఇత్తునని ప్రకటించిరి. 2021 జనవరి 20న భూటాన్, మాల్దీవులకు మన టీకాలు పంపుటతో టీకా మైత్రి మొదలైనది. హైదరాబాదులో తయారైన కోవాక్సిన్ మన తెలుగువారికి గర్వకారణమైనది. కాని ఏప్రిల్‌లో రెండవ తాకిడి మన యిండ్లను ముంచివేయగా ఎగుమతి ఆగినది; సొమ్ము చెల్లించి ఎదురుచూచుచున్న బంగ్లాదేశమునకు కూడ టీకా రాలేదు. అక్టోబరులో గాని ఆ పంపకము మరల సాగలేదు. మన బిడ్డకు ముందు పెట్టుకొనుట తప్పని నేననను. పొరుగువానితో చేసికొనిన ఒప్పందములో ఇట్టి ఆపద్దినమునకు ఎవరికెంత యని ముందే వ్రాసికొనలేదు, అదియే లోపము.

మరి వ్యాధి తగ్గుముఖము పట్టుచుండగా దేశములు ఏమి నేర్చుకొనినవి? 2020 నవంబరు 15న ఆసియాన్ దేశములు పదియు, చైనా, జపాను, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజీలాండులును ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందముపై సంతకములు చేసినవి. అది 2022 జనవరి 1న అమలులోనికి వచ్చినది. మన దేశము 2019 నవంబరులోనే అందులో చేరనని వెలుపలికి వచ్చినది. చవుక సరకు వచ్చిపడి మన పాడిరైతును, చిన్న పరిశ్రమను దెబ్బతీయునను భయము దానికొక కారణము. పామాయిలు దిగుమతి కొబ్బరిరైతును ఎట్లు కలవరపెట్టునో ఎరిగిన మనము ఆ భయమును తేలికగా కొట్టివేయలేము. తరువాత 2022 ఫిబ్రవరి 18న మన దేశము దుబాయి, అబుదాబీలు గల ఎమిరేట్ల రాజ్యముతో వేరుగా ఒప్పందము చేసికొనినది. అది ఆ మే 1న అమలైనది. ఇవన్నియు ప్రధానముగా సరకుల, సేవావ్యాపారముల ఒప్పందములు. వర్తకుడును, నిపుణుడును తాత్కాలికముగా రాకపోకలు చేయుటకు వానిలో చోటు కలదు. ఇంటిపని చేయు స్త్రీకి లేదు. ఆమె కొరకు జరిగిన మంచి పని యొకటి చెప్పెదను. 2021 జూన్‌లో మన ప్రభుత్వమును కువైటు ప్రభుత్వమును ఇంటిపనివారి నియామకమును గూర్చి ఒక అవగాహన పత్రముపై సంతకము చేసినవి; యజమానికిని పనివానికిని హక్కులు, బాధ్యతలు అందులో చెప్పబడినవి.

ప్రభుత్వములు వ్రాసికొనిన పత్రము ఇంటి గడపవరకు రావలెనన్న ఊరి పెద్దలు పూనుకొనవలెను. మీరు చేయదగిన పనులు కొన్ని చెప్పి ముగించెదను. పదవ తరగతి చదువని వారి పాసుపోర్టునకు, గల్ఫు దేశములకు కూలిపనిపై పోవునపుడు, ప్రభుత్వపు వలస అనుమతి కావలెను. ఇట్టి పాసుపోర్టుతో ఇంటిపనికి పోవు స్త్రీకి 30 ఏండ్లు నిండియుండవలెను; ఆమెను పంపవలసినది ప్రభుత్వ నియామక సంస్థయే. మన రాష్ట్రమున ఓమ్‌క్యాప్ అను సంస్థ అట్టిది. సందర్శకుల వీసాతో దొంగదారిని పంపెదనని చెప్పు ఏజంటును వీధి అరుగు మీదనే నిలదీయుడు. ప్రవాసీ భారతీయ బీమా యోజన యను బీమా రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలకే లభించుచున్నది. ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా అంగము చెడినను 10 లక్షల రూపాయలు వచ్చును. ఈ పది లక్షలు ప్రమాదమునకే గాని రోగమరణమునకు కాదని కూడ వారికి తెలియజెప్పవలెను. పాసుపోర్టు, వీసా, పనిపత్రము, వీని నకళ్ళు ఇంట ఒకటి, పంచాయతీలో ఒకటి ఉంచుకొనవలెను. జీతము చేతికిగాక బ్యాంకు ఖాతాకు వచ్చునట్లు అడుగుమని పోవువారికి బోధింపవలెను. జీతబాకీ అడుగునాడు ఆ ఖాతా పుస్తకమే సాక్ష్యము. ఊరి నుండి ఎవరెవరు ఏ దేశమున, ఏ యింట ఉన్నారో ఒక పుస్తకమున వ్రాసియుంచుట కష్టమైన పని కాదు. 2020లో అట్టి పుస్తకమున్న యూరు తన బిడ్డలను పేరుపెట్టి పిలిపించుకొనగలిగియుండెడిది.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. ఏరు దాటి తెప్ప తగులబెట్టుట మనుష్య స్వభావము. మరియొక వ్యాధి ఎప్పుడు వచ్చునో ఎవరును చెప్పజాలరు గాని, వచ్చిననాడు రొయ్యను, బియ్యమును కాపాడుకొనుటకు వర్తకులు, ఓడలవారు, ప్రభుత్వములు ఉందురు. మన కూతుండ్రకు, కొడుకులకు ముందుగా మనము ఉండవలెను. ఆసియా దేశముల ఐక్యత సరకుల జాబితాతో పూర్తికాదు. దాటిపోయిన మనిషి భద్రముగా తిరిగి రాగలిగిననాడే అది నిజమైన ఐక్యత.